బల్లపరుపు దేశభక్తి

జర్మనీలో కాల్టెన్‌బ్రూక్ అనే ఊరి తుపాకీ గురి సంఘం తన సర్వసభ్య సమావేశంలో, ఏడో అంశం కింద, ఈడొచ్చిన కుర్రాళ్ళందరికీ ఏడాదిపాటు సైన్యంలో సేవ మళ్ళీ తప్పనిసరి చెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆరో అంశం, వేసవి పండుగకు ఏ బీరు తెప్పించాలన్నది. దాని మీద రెండు గంటలు వాదన జరిగి, ఇద్దరు సభ్యులు ఒకరితో ఒకరు మాటలు మానేశారు. ఏడో అంశానికి నాలుగు నిమిషాలు పట్టింది. త్యాగం విషయంలో మన పెద్దలకు అభిప్రాయభేదాలుండవు, ముఖ్యంగా త్యాగం చెయ్యాల్సినవాడు ఆ గదిలో లేనప్పుడు.

తీర్మానం ప్రతిపాదించినవాడు హెల్మార్ బ్రోమెల్. నిరుడు పండుగలో స్తంభం మీది కొయ్యపిట్టను పడగొట్టాడు కనుక ఈ ఏడాదికి ఆయనే సంఘానికి రాజు. ఆకుపచ్చ కోటు మీద పద్నాలుగు పతకాలు, అన్నీ కొయ్యపిట్టల మీద గెలిచినవే. తన కాలంలో సైన్యానికి మాత్రం వెళ్ళలేకపోయాడు పాపం. బల్లపరుపు పాదాలు, అరికాళ్ళకు వంపు లేదు, నడకకు పనికిరాడని అప్పటి డాక్టరు రాసిచ్చాడు. ఆ పాదాలతోనే ముప్ఫై ఏడేళ్ళుగా ఊరేగింపులో బ్యాండు ముందు పన్నెండు కిలోమీటర్లు నడుస్తున్నాడు.

"నేటి యువత మెత్తబడిపోయింది! పిలుపు వస్తే నా కొడుకే ముందు నడుస్తాడు!" అని ఆయన గర్జించగానే చప్పట్లు మోగాయి. కార్యదర్శి ఆ మాటను మినిట్స్‌లో యథాతథంగా రాసుకున్నాడు.

బెర్లిన్‌లో సర్కారువారివి ఇంకా తర్జనభర్జనలే. పద్దెనిమిది నిండినవాళ్ళకు, సైన్యంలో చేరతారా అంటూ ప్రశ్నావళి పంపుతున్నారు. ఇష్టపడి వచ్చేవాళ్ళు చాలకపోతే చీటీలు తీసి మరీ పట్టుకుపోతారని ఊళ్ళో అందరి నోటా అదే మాట. పదిరోజులు తిరక్కుండా సర్కారు ముద్ర గద్దబొమ్మ ఉన్న కవరు ఒకటి బ్రోమెల్ ఇంటి టపాపెట్టెలో పడింది.

"నీ తీర్మానం ఇంటికొచ్చింది, చూసుకో," అంది భార్య గేష, కవరు ఆయన కాఫీ పక్కన పెట్టి.

"మనవాడికా?"

"కాక, పక్కింటి పిల్లికా?"

హెల్మార్ కవరు మీది పేరు రెండుసార్లు చదివాడు. ఉన్నది ఒక్కగానొక్క కొడుకు. యుద్ధం అన్న మాట టీవీలో విన్నప్పుడు ఒకలా ఉంటుంది, కొడుకు పేరు పక్కన చూస్తే మరోలా ఉంటుంది.

"యాన్నెస్ సున్నితం, గేషా."

"నిన్న ఈతకొలనులో మునిగిపోతున్న నూటపది కిలోల మనిషిని ఒడ్డుకు లాగాడు నీ సున్నితం! సభలో అరవకముందు ఉండాల్సింది ఈ బుద్ధి. వెళ్ళి నీ వాళ్ళ ముందు ఆ మాట వెనక్కి తీసుకో."

మాట వెనక్కి తీసుకోవడానికి సంఘ నియమావళిలో వీలుంది. మూడు వారాల ముందు రాతపూర్వకంగా తెలియజేసి, అందరి ముందూ చదవాలి. అంతకన్నా డాక్టరు దగ్గరకు వెళ్ళడం తేలిక. మర్నాడే వెళ్ళాడు, కొడుక్కి చెప్పకుండా.

"అబ్బాయికి బల్లపరుపు పాదాలండీ. వంశపారంపర్యం," అన్నాడు.

డాక్టర్ లూర్స్ కళ్ళజోడు మీదుగా చూసింది. "అంటే మీకూ ఉన్నాయా, బ్రోమెల్ గారూ?"

"ఉండేవి."

"ఇప్పుడు?"

"తగ్గిపోయాయి."

"చిత్రమే! ఈ వారం మీ సంఘం నుంచి ఇది పదకొండోది. పేర్లు చెప్పకూడదు లెండి, నియమం."

"అంటువ్యాధేమో?"

"అవును. తండ్రుల నుంచి సోకుతోంది," అంటూ ఆవిడ కాగితం మీద 'తండ్రి తెలిపిన ప్రకారం' అని రాసి సంతకం పెట్టింది. వెధవ సంత, ఎవరితో ఎంతని పోట్లాడుతుంది!

ఇంతలో పండుగ రానే వచ్చింది. దేశసేవకు సిద్ధపడిన వీరులను గుడారంలో సన్మానించాలని సంఘం ముందే ప్రకటించేసింది. కవరు అందుకున్న సభ్యుల కొడుకులు పదకొండుగురు. పదకొండుగురి తరఫునా తండ్రులు తెచ్చిన డాక్టరు కాగితాలు కార్యదర్శికి అందాయి. మనసులు సిద్ధమే, పాదాలే సిద్ధంగా లేవు. పూలదండ ఆర్డరిచ్చారు, బ్యాండు మాట్లాడారు, జిల్లా పత్రికవాడు కెమెరాతో వస్తున్నాడు. ఇప్పుడు వీరుణ్ణి ఎక్కణ్ణుంచి తేవాలి?

వెతగ్గా ఒకడు దొరికాడు. తమీమ్, కరెంటు పని నేర్చుకుంటున్న కుర్రాడు, యాన్నెస్‌కు బడినాటి స్నేహితుడు. పౌరసత్వం వచ్చి ఏడాది కాలేదు. ప్రశ్నావళిలో 'సిద్ధమే' అని రాశాడు, పాదాలు కూడా నిక్షేపంగా ఉన్నాయి. రెండేళ్ళ క్రితం ఇదే సంఘంలో చేరతానని అర్జీ పెట్టుకుంటే, తాత సభ్యుడై ఉండాలన్న నిబంధన కింద తోసిపుచ్చారు. అతని తాత సిరియాలోని అలెప్పోలో సబ్బులు చేసుకుంటూ ఆ ఏర్పాటు చెయ్యడం మరిచిపోయాడు.

ఆ కుర్రాణ్ణే ఇప్పుడు వేదిక ఎక్కించారు. "ఇతడు మన బిడ్డ! కాల్టెన్‌బ్రూక్ మట్టిలో పుట్టిన..." అని మొదలుపెట్టిన హెల్మార్, తడబడి, "మట్టిలో పెరిగిన ముత్యం!" అని సర్దుకున్నాడు. జనం లేచి నిలబడ్డారు. దండ వేసే ముందు, రాలేకపోయిన వీరుల పేర్లను కార్యదర్శి కారణాలతో సహా మైకులో చదివాడు. పని చేస్తే నిక్కచ్చిగా చెయ్యాలి, అది మన రక్తంలోనే ఉంది.

గుడారం పక్కన గోడ, గోడ అవతల ఈతకొలను. మైకు గొంతు అక్కడికీ వినపడుతుందని ఎవరికీ తోచలేదు. "యాన్నెస్ బ్రోమెల్, బల్లపరుపు పాదాలు" అన్న రెండో నిమిషానికి యాన్నెస్ ఈత నిక్కరుతో, నీళ్ళోడుతూ గుడారంలోకి వచ్చాడు. చెక్కనేల మీద గుమ్మం నుంచి వేదిక దాకా అడుగు వెంట అడుగు తడిగా అచ్చుపడింది. మడమ ఒకచోట, వేళ్ళు ఒకచోట, మధ్యలో చక్కని వంపు. కృష్ణాష్టమికి గుమ్మంలో పిండితో వేసే పాదాలు కూడా అంత తీరుగా ఉండవు.

పత్రికవాడు కెమెరా నేలవైపు తిప్పాడు.

"నేల తడిసింది! ఎవరైనా జారిపడతారు!" అని అరిచి, సంఘానికి రాజైన హెల్మార్ చేతిగుడ్డతో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మిగతా పదిమంది తండ్రులూ పరుగున వచ్చి తుడవడం మొదలుపెట్టారు. ఆ సంఘం చరిత్రలో అంత ఒద్దికగా జరిగిన సేవ మరొకటి లేదు. తుడుచుకుంటూ తుడుచుకుంటూ హెల్మార్ కొడుకు కాళ్ళ దగ్గరికి చేరాడు.

"కాలు తియ్యరా," అన్నాడు గుసగుసగా. "నీకోసమే చేశానురా. నాకు భయమేసింది."

"నాకూ భయమే నాన్నా. తమీమ్‌కు మాత్రం లేదా? వీడికీ ఇంట్లో నాన్న ఉన్నాడు." యాన్నెస్ వంగి తండ్రి చేతిలోని గుడ్డ లాక్కుని, మైకు ముందుకు వెళ్ళాడు. "సైన్యం కావాలో వద్దో నాకు తెలియదు. కావాలంటే మాత్రం నా పేరు కూడా రాసుకోండి. ఇక్కడ పాదాలు బాగున్నవాళ్ళు ఇంకెవరన్నా ఉంటే బూట్లు విప్పండి."

బ్యాండువాడు ఏ పాట వాయించాలో తెలియక బాకా కిందికి దించాడు. గుడారంలో ఉన్న నాలుగువందల మందీ, ఎందుకోగాని, కాళ్ళు కుర్చీల కిందికి లాక్కున్నారు. మీరూ లాక్కున్నారా? ఫరవాలేదు, ఎవరూ చూడలేదు.