కుదపకూడని సీసా

ఆ ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. తలస్నానం చేయాలి, ఫ్రిజ్‌లోని పొట్లం తీసుకోవాలి, పదింటికల్లా ల్యాబ్‌లో ఉండాలి.

ఆమె ఆశంతా చిటికెన వేలంత సీసా మీదే. అందులో యాంటీబాడీ. మన రక్తంలో కాపలా కాసే కణాల ఒంటిమీద గ్రాహకం అనే కొక్కెంలాంటిది ఉంటుంది. ఈ యాంటీబాడీ వెళ్లి దానికే అతుక్కుని మెరుస్తుంది. ఈ రోజు పెద్ద సైంటిస్టు ముందు కణాలు మెరిస్తే కోడలి ఉద్యోగం మరో ఏడాది నిలుస్తుంది. మిగిలింది ఈ ఒక్క సీసానే. ల్యాబ్‌లో ఫ్రిజ్ చెడిపోవడంతో ముందురోజు సాయంత్రం ఇంటికి తెచ్చింది. యాంటీబాడీని కలపడానికి ఉప్పునీళ్ల సీసా కూడా తెచ్చింది. రెండింటికీ వెండి కాగితమే చుట్టింది. ఫోన్ మాట్లాడుతూనే ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి, రెండోది హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసింది.

"గడ్డ కట్టకూడదు, వేడెక్కకూడదు, వెలుతురు తగలకూడదు, కుదపకూడదు" అని రాత్రి భోజనాల దగ్గర అందరికీ అప్పజెప్పింది.

"దీనికంటే పసిపిల్ల నయం కదే!" అన్నారు అత్తగారు.

ఆమె స్నానానికి వెళ్లగానే భర్త పాలకోసం ఫ్రిజ్ తెరిచాడు. మాటిమాటికీ తలుపు తీస్తుంటే పొట్లం వేడెక్కిపోదూ? భద్రంగా ఫ్రీజర్‌లో పెట్టాడు.

కాసేపటికి అత్తగారు చూశారు. "ఓరి నీ తెలివి తెల్లారా! గడ్డ కట్టకూడదంది కదరా!" అంటూ పొట్లాన్ని వేన్నీళ్ల గిన్నెలో ముంచారు.

"వేడి తగలకూడదందిగా!" అని మామగారు పరుగున వచ్చి గిన్నెలోంచి తీశారు. కరిగిందో లేదో చూడాలి కనుక కాగితం విప్పి, కిటికీ దగ్గర ఎండకేసి పట్టుకున్నారు. "మధ్యలో ఇంకా మంచు పలుకుంది."

"నాన్నా, వెలుతురు!" భర్త సీసా లాక్కుని గుప్పిట్లో దాచాడు. పలుకు కరగాలిగా మరి. దగ్గు మందు సీసాను కుదిపినట్టు కుదిపాడు.

తడి జుట్టుతో కోడలు గుమ్మంలో నిలబడి ఉంది.

"నాలుగు మాటలు చెప్పాను. ఉన్నది ముగ్గురే కదా, ఒక్కటైనా మిగులుతుందనుకున్నాను!"

ఆమె సీసాకు మళ్లీ కాగితం చుట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది.

ల్యాబ్‌లో కాగితం విప్పింది. సీసా మీద చీటీ లేదు. చీటీ లేనిది ఉప్పునీళ్ల సీసా. గబగబా హ్యాండ్‌బ్యాగ్ వెతికింది. దువ్వెనకీ తాళంచెవులకీ మధ్య, రాత్రంతా వెచ్చగా నిద్రపోయిన అసలు సీసా దొరికింది.

వేరే దారి లేక దాన్నే వాడింది. దేవుడు చల్లగా చూశాడు. తెరమీద కణాలు దీపాల్లా మెరిశాయి.

"భద్రపరచడమంటే ఇలా ఉండాలి! అందరూ ఈవిణ్ని చూసి నేర్చుకోండి" అన్నాడు పెద్ద సైంటిస్టు.

ఇంతలో భర్త ఫోన్. "ఏమైందోయ్? నాన్న టీ కూడా ముట్టలేదు. కణాలు కావాలంటే తన రక్తం తీసుకోమంటోంది అమ్మ. నేను ఇల్లు తుడిచేశాను, గిన్నెలు తోముతున్నాను."

"ఎలాగో గట్టెక్కిందిలెండి. అసలేం జరిగిందంటే..."

అటునుంచి గిన్నెల చప్పుడు శ్రావ్యంగా వినిపించింది. ఆమె ఆగింది.

కొన్ని నిజాలను కూడా వెలుతురు తగలకుండా, కుదపకుండా ఉంచడమే మంచిదనిపించింది.