మేకుల జోడుకు కొత్త పట్టీ

ఆదివారం ఉదయం ఏడు గంటలకి బావమరిది ఫోను చేసినప్పుడు పళ్ళ డాక్టరు పళ్ళే తోముకుంటున్నాడు.

"బావా! చేపలు వచ్చేశాయి! రాళ్ళ గట్టు పక్కన నీళ్ళు సలసల కాగుతున్నట్టున్నాయి. పదకొండున్నర దాకానే ఉంటాయి. ఆ తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా ఒక్కటి దొరకదు. పరుగెత్తుకురా!"

"వఫ్తున్నా!" అన్నాడు డాక్టరు, నోటినిండా నురగతో.

ఆరేళ్ళుగా ఆయన ఆ రాళ్ళ మీద నిలబడి సముద్రంలోకి గాలం విసురుతున్నాడు. ఇంతవరకు దొరికింది అరచేతిలో పట్టే చేపలు నాలుగు, నాచు బోలెడంత. ఈసారైనా మూరెడు చేప పట్టి తలెత్తుకు తిరగాలని ఆయన కోరిక. ఆ హుషారులో గాలం కర్ర, బుట్ట సర్దేసి, మేకుల జోడు బయటికి తీశాడు. బూట్ల కింద కట్టుకునే మందపాటి రబ్బరు అట్టలవి. అడుగున ఇనుప మేకులుంటాయి. పాచి పట్టిన రాయి మీద కాలు జారకుండా పట్టుకునేవి అవే. వాటిని బూటుకి పట్టి ఉంచేవి పట్టీలు. ఉప్పునీటికి ఆ పట్టీలు ఎంతగా చివికిపోయాయంటే, ముట్టుకుంటే చేతికి పొడి అంటుకుంది.

"వాటితో వెళ్తే నేనొప్పుకోను," అంది భార్య. ఆమె హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్. ఇంట్లో కూడా అంతే. "పోయినసారి జారిపడి నెలరోజులు కూర్చోలేకపోయారు. బాగు చేయించుకుని మరీ కదలండి."

"దానికేముంది, అరగంట పని!" అన్నాడు డాక్టరు.

రెండు వీధుల అవతల బూట్లు బాగుచేసే షాపు ఉంది. నడిపేది ఒక పెద్దావిడ. పనిలో దిట్ట, పంటి వైద్యానికి మాత్రం ఆమడ దూరం. మూడు నెలల క్రితం జ్ఞానదంతం తీయించుకోవడానికి వచ్చి, "చెప్పులు బయట వదిలొస్తా" అని వెళ్ళిన మనిషి మళ్ళీ కనపడలేదు. ఆ సంగతి డాక్టరు మరిచిపోయాడు. ఆవిడ మరిచిపోలేదు.

నాలుగు చిన్న మేకులు పెదాల మధ్య బిగించి మడమకి రబ్బరు కొడుతున్న ఆవిడ, అద్దంలోంచి డాక్టరు పరుగున రావడం చూసింది. లేచి, తలుపు గడియ పెట్టి, 'సెలవు' బోర్డు తిప్పేసింది.

డాక్టరు తలుపు దబదబా బాదాడు. "తెరవండమ్మా! ఐదు నిమిషాల పని!"

"పోయినసారీ ఐదు నిమిషాలనే అన్నారు!" లోపల్నుంచి వినిపించింది.

"ఆలస్యం చేస్తే లాభం లేదు! పాతవి పీకేసి కొత్తవి వెయ్యాల్సిందే!"

"అన్నీనా?" అని కేక, ఆ వెంటనే "అమ్మా!" అని ఇంకో కేక వినపడ్డాయి. తర్వాత దీపం ఆరిపోయింది.

ఆదివారం కదా, పని చేసే ఓపిక లేదేమో అనుకుని డాక్టరు ఇల్లు చేరాడు. రోజుకి పదిమంది నోళ్ళు బాగుచేసే చేతులకి రెండు పట్టీలు ఒక లెక్కా అనిపించింది. అయితే పట్టీకి తోలు కావాలి. హాల్లో కొక్కేనికి భార్య చేతిసంచి వేలాడుతోంది. దాని భుజం పట్టీ వెడల్పుగా, దిట్టంగా, అడక్కుండానే రమ్మంటున్నట్టుంది. సాయంత్రానికి మళ్ళీ కుట్టేస్తే సరిపోతుందనుకుని కత్తెర వేశాడు.

కింద అంతస్తులోనే ఆయన క్లినిక్కు. అక్కణ్ణుంచి పళ్ళ తొడుగులు అతికించే జిగురు తెచ్చాడు. కొలత సరిగ్గా కుదరాలని, నీళ్ళలో దిగేటప్పుడు వేసుకునే, చంకల దాకా వచ్చే రబ్బరు సూటు తొడుక్కున్నాడు. దాని బూట్లు దానికే అతికి ఉంటాయి. ఆ బూట్ల కింద మేకుల జోడు పెట్టి, తోలు చీలమండల దాకా బిగించి చుట్టి, జిగురు ధారాళంగా పోశాడు. రెండు నిమిషాల్లో రాయిలా బిగిసింది. డాక్టరు సంతోషంతో గంతేశాడు. ఊడలేదు! మళ్ళీ గంతేశాడు. అప్పుడు తట్టింది, కారు నడపాలంటే విప్పాలని. విప్పబోయాడు. తోలు తోలుకి, తోలు బూటుకి, బూటు సూటుకి అతుక్కుపోయి, వీటన్నిటి లోపల డాక్టరు చిక్కుకుపోయి ఉన్నాడు.

"ఏమండీ, నా సంచి చూశారా? కారు తాళాలు అందులోనే ఉన్నాయి," అంటూ భార్య గదిలోంచి వస్తోంది.

డాక్టరు పట్టీలు పీకడానికి అందుకున్న పటకారుతోనే, టకటకమంటూ మెట్లు దిగి క్లినిక్కులోకి పారిపోయాడు. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా ఎడమ కాలి మేకులకి గుచ్చుకుని వెంటే వచ్చింది.

క్లినిక్కు ముందు బల్ల మీద బూట్ల షాపావిడ కూర్చుని ఉంది. ఇందాక భయంలో నోట్లోని మేకు కొరికేసింది. అప్పట్నుంచి దవడ పోటు. ఆగలేక, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని తనంతట తానే వచ్చింది. తలెత్తి చూసింది. చంకల దాకా రబ్బరు సూటు, కాళ్ళకి ఇనుప మేకులు, చేతిలో మూరెడు పటకారు.

"ఒక్క పన్నుకి ఇంత ఏర్పాటా!" అని అరిచి వీధిలోకి పరుగు లంకించుకుంది.

"ఆగండమ్మా! పని మీతో కాదు, మీ కత్తితో!" అని డాక్టరు వెంటబడ్డాడు.

కత్తి మాట వినగానే ఆవిడ పరుగు రెట్టింపైంది. వెనక డాక్టరు, డాక్టరు కాలికి పట్టా, ఆ వెనక పట్టీ లేని సంచి ఊపుకుంటూ హెడ్మిస్ట్రెస్. బాల్కనీల్లోంచి జనం తొంగిచూశారు. "పీకించుకోకపోతే ఇలాగే వెంటపడతారట!" అని ఒకాయన పిల్లలకి చెప్పి, పళ్ళు తోముకోమని లోపలికి పంపాడు.

ఆవిడ షాపులో దూరింది. గడియ పెట్టేలోగా డాక్టరు కూడా వచ్చిపడ్డాడు. పాచి రాయిని పట్టుకునే మేకులు నున్నటి నేల పలకల్ని పట్టుకోలేదు. డాక్టరు గుమ్మం దగ్గర్నుంచి సర్రున జారి, గిర్రున తిరిగి, ఖాతాదారుల కుర్చీలో వెల్లకిలా పడ్డాడు. కాళ్ళు రెండూ తిన్నగా ఆవిడ బల్ల మీదికి చేరాయి.

ఆవిడ చూపు పట్టీల మీద పడింది. పంటి నొప్పి మరిచిపోయింది.

"ఎవరు చేశారండీ ఈ ఘోరం?"

"నేనే," అన్నాడు డాక్టరు నీరసంగా.

"ఉప్పునీళ్ళలోకి తోలా? అందులోనూ జిగురు! ఒక్క కుట్టయినా లేదు!" అంటూ వంకీ కత్తి అందుకుంది.

డాక్టరు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "కాలు దాకా దిగదు కదా?"

"కదలకండి. చీమ కుట్టినట్టుంటుందంతే."

డాక్టరు కళ్ళు మూసుకుని, ఎవరూ అడక్కుండానే నోరు తెరిచాడు.

అప్పుడే రొప్పుతూ భార్య వచ్చింది. కాళ్ళ వంక చూసింది, సంచి వంక చూసింది.

"కోయమ్మా," అంది నెమ్మదిగా. "కాలికి కాస్త తగిలినా ఫరవాలేదు."

కాలికి తగల్లేదు. ఆవిడ జిగురు గీకేసి, లారీ సరుకుల మీద బిగించే వెడల్పాటి నైలాను పట్టీ తీసి, వరసకి రెండు కుట్లు వేసి, చివర్లకి తుప్పు పట్టని బకిల్ బిగించింది. "ఇక సముద్రం ఎండాలి కానీ ఇది ఊడదు," అంది. అంతలో దవడ మళ్ళీ సలిపింది.

"ఒక్కసారి చూడనివ్వండి. ఇదిగో, ఖాళీ చేతులు," అన్నాడు డాక్టరు. భార్య టార్చి పట్టింది. రెండు పళ్ళ సందులో మేకు ముక్క నిలబడి ఉంది. షాపులో చిన్న మేకులు ఏరే చిమటానే వేడినీళ్ళలో కడిగి, ఒక్క లాగు లాగాడు.

"అయిపోయిందా?" అంది ఆవిడ నమ్మలేక.

"ఇది అయిపోయింది. వెనక పన్ను మాత్రం..."

"వెనకదాని సంగతి వెనక చూద్దాం. ముందు నా పట్టీ నీళ్ళలో ఎలా ఉంటుందో చూడాలి. నేనూ వస్తా!"

గడియారం పదిన్నర చూపిస్తోంది. కారు భార్యే నడిపింది. ఇంత తోలు పోగొట్టుకున్నాక ఆ చేపేదో కళ్ళారా చూడకపోతే ఎలా అంది.

బావమరిది ఇసకలో తడిసి ముద్దై కూర్చున్నాడు. "పట్టీ తెగింది బావా! జోడులో ఒకటి సముద్రంలోకి పోయింది. రాయెక్కి నిలబడలేకపోతున్నా!"

డాక్టరు ఒక్కడే ఎక్కాడు. మొదటి అల మోకాళ్ళని, రెండోది నడుముని కొట్టింది. మేకులు రాయిని పట్టాయి, పట్టీలు బూట్లని పట్టాయి. డాక్టరు కదల్లేదు. గాలం విసిరిన మూడోసారికి కర్ర విల్లులా వంగింది.

"వదలకు బావా!"

"ఏమండీ, కర్ర పైకెత్తండి!"

"పాదం వెనక్కి వంచకండి, కుట్టు మీద బరువు పడుతుంది!" అని షాపావిడ అరిచింది.

ఇరవై నిమిషాల పోరాటం తర్వాత, పదకొండు ఇరవై అయిదుకి, చేతి పొడవు చేప వెండిలా మెరుస్తూ గట్టు మీద పడింది. నలుగురూ చిన్నపిల్లల్లా ఎగిరారు. చేప తలవైపు డాక్టరు, తోకవైపు భార్య పట్టుకున్నారు. కర్రతో పక్కన నిలబడతానని బావమరిది పట్టుబట్టాడు. ఇక ఫొటో తీయడానికి మిగిలింది షాపావిడే. ఆవిడ ఒంగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎంతో శ్రద్ధగా తీసింది.

ఆ ఫొటో ఇప్పుడు ఆవిడ షాపు గోడ మీద పెద్దదిగా వేలాడుతోంది. అందులో రెండు పాదాలు, కుట్టు కుట్టునా స్పష్టంగా పట్టీలు, పైన ఒక మూల రెండంగుళాల తోక ఉన్నాయి. డాక్టరు ఆ తోక తనదేనని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు.