మంత్రి పోయాక కూడా ఆడతారా?

ఫోన్‌లో చెస్ ఆడుతూ, మంత్రి పోగానే ఆట వదిలేసే కుర్రకారును చూసి పెద్దలు తెగ బాధపడుతున్నారు. ఓపిక లేదట! పట్టుదల లేదట! నేను మాత్రం ఆ పిల్లలకు చేతులెత్తి మొక్కుతున్నాను. మంత్రి గానీ, ఏనుగు గానీ పోయినవాళ్లు వెంటనే ఓటమి ఒప్పుకొని లేచిపోవాలని రూలు పెట్టాలి. నాగరికత అంటే అదే.

అసలు దీన్ని చెస్ దగ్గరే ఎందుకు ఆపాలి? మొదటి బోరు ఎండగానే ఉప్పునుంతల రైతు సేద్యం మానేస్తే రిగ్గు లారీల డీజిల్ ఎంత మిగులుతుంది! జరీ పోగు తెగగానే మా గద్వాల నేతగాళ్లు మగ్గం దిగిపోతే ఊరు ఎంత ప్రశాంతంగా ఉంటుంది! చీరలుండవనుకోండి. అది వేరే విషయం.

ఈ సంస్కారం లేనివాళ్ల వల్ల ఏం జరుగుతుందో మొన్న వనపర్తి టోర్నమెంటులో చూశాను. నా ఎదుట కూర్చున్నది అలంపూర్ జమ్ములమ్మ టీచరు. రిటైరై చాలా ఏళ్లయింది. 2009 వరదలో తుంగభద్ర ఇంట్లోకి వచ్చినా ఊరు వదలకుండా మేడ మీద కూర్చున్న మనిషి. ఆ సంగతి తెలిసి కూడా నేను జాగ్రత్తపడలేదు.

కాసేపటికే ఆమె మంత్రిని కొట్టాను. మర్యాదగా చేయి చాపాను.

"చెయ్యెందుకిస్తున్నవ్ నాయనా?"

"ఆట అయిపాయె గదమ్మా."

"నా రాజు ఈడనే ఉన్నడు గద! నీకు తొందరుంటే నువ్వే జర జల్దీ ఆడు."

ఇదేం పద్ధతండీ? ఆమె ఆలోచిస్తుంటే నేను బయటికెళ్లి టీ తాగి, మా ఆవిడ రేణుకకు ఫోన్ చేశాను. కప్పు వస్తోంది, షోకేసు ఖాళీ చెయ్యమన్నాను.

"గెల్సినంక చెప్పుండ్రి. గిప్పుడే బొమ్మలన్నీ తియ్యాల్నా?" అంది. ఆడవాళ్లకు దూరదృష్టి తక్కువ.

తిరిగొచ్చి ఏనుగులను తిన్నాను. గుర్రాలను తిన్నాను. బంట్లను కూడా వదల్లేదు. ఆమెకు రాజు ఒక్కడే మిగిలాడు. అప్పుడు నా మంత్రిని ఎంతో గంభీరంగా ముందుకు జరిపాను.

జమ్ములమ్మ బోర్డు వైపు ఒకసారి చూసి, రెఫరీ నర్సింహులును పిలిచింది.

"రాజుకు చెక్ లేదు, జరుగనీకె జాగ లేదు. డ్రా సార్!" అన్నాడతను.

డ్రా! ఇటు నా సైన్యం, అటు దిక్కులేని ఒంటరి రాజు. ఇద్దరూ సమానమట! జమ్ములమ్మ నవ్వనైనా నవ్వలేదు. "మంచిగ ఆడినవ్ బిడ్డా," అని నా భుజం తట్టి లేచింది. తిట్టినా బాగుండేది.

మంత్రి పోయినప్పుడే ఆమె పెద్దమనిషిలా లేచి ఉంటే ఈ అన్యాయం జరిగేదా? పాఠకులారా, నా రూలు ఎంత అవసరమో ఇప్పటికైనా తెలిసిందా?

కప్పు దక్కాలంటే చివరి ఆట గెలిచి తీరాలి. ప్రత్యర్థి తిమ్మాజిపేట భానుప్రకాశ్. ఆలోచనలో ఉండి నా మంత్రిని అతని గుర్రానికి అప్పజెప్పాను. తర్వాత ఏనుగులూ పోయాయి. హాలు ఖాళీ అయింది. కుర్చీలు సర్దేస్తున్నారు.

"సార్, ఇంక ఇడిసిపెట్టుండ్రి. మా ఊరి ఆఖరు బస్సు పోతది," అని బతిమాలాడు భానుప్రకాశ్.

నేను తల ఎత్తలేదు. బంటును ఒక గడి జరిపాను.

ఆ రూలు ఇంకా రాలేదు కదా!