మంత్రిగారి నలభై మొక్కలు

వంద రోజుల్లో చెరువులన్నిటినీ గుర్రపుడెక్క బారి నుంచి విముక్తం చేస్తామని, మొదటి మొక్కను స్వహస్తాలతో పీకుతానని జలవనరుల మంత్రిగారు ప్రకటించారు. అంత పెద్దమనిషి అంత చిన్న మొక్క ముందు వంగడం చరిత్రలో ఇదే మొదటిసారని పత్రికలు రాశాయి.

ప్రారంభోత్సవానికి మంచినీళ్ల చెరువును ఎంపిక చేశారు. ఆఫీసులో అందరూ మొక్కల డాక్టరని పిలిచే వృక్షశాస్త్రజ్ఞుడు పదకొండేళ్లుగా దాన్ని కాపాడుతున్నాడు. తెల్లారగానే గట్టంతా తిరుగుతాడు. కలుపు ఆకు ఒక్కటి తేలినా ఏరి, ఎండబెట్టి, కాల్చేస్తాడు. ఊళ్లో శుభ్రంగా మిగిలిన చెరువు అదొక్కటే. పెళ్లెందుకు చేసుకోవురా అని అక్క అడిగితే తీరికేదీ అంటాడు. ఆ నీళ్లలో చూసుకున్నప్పుడే తన ముఖం తనకు నచ్చుతుందన్నది అక్కకు చెప్పుకునే సంగతి కాదు.

"ఇందులో ఒక్క కలుపు మొక్క కూడా లేదండీ," అన్నాడు, ప్రారంభోత్సవం ఏర్పాట్లు చూస్తున్న ప్రత్యేకాధికారితో.

"అదేగా వచ్చిన చిక్కు! మంత్రిగారొచ్చి నీళ్లు పీకుతారా?"

"కలుపు పట్టిన చెరువులు ఇరవై ఉన్నాయి కదండీ."

"వాటికి కారు పోయే దారుందా? పైగా కంపు. మేడమ్‌గారు కూడా వస్తున్నారు. నలభై మొక్కలు వ్యాన్లో తెప్పిస్తున్నా. పూలున్నవే ఏరమన్నాను."

"ఒక్కటి మిగిలినా పదిహేను రోజుల్లో రెండవుతుందండీ. ఏడాది తిరిగేసరికి నీళ్లు కనపడవు."

"అందుకేగా నిన్ను పెట్టింది! నలభై వెయ్యి, నలభై తియ్యి. ఇంత చదివావు, నలభై దాకా లెక్క రాదా?"

నలభై మొక్కల్నీ అతనే స్వయంగా నీళ్లలో వదిలాడు. ఇంకెవరైనా వేస్తే లెక్క తప్పుతుందని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. ఆ మాట ఎంత సబబుగా తోచిందంటే, పూలు పైకి కనపడేలా ఒక్కో మొక్కనూ సర్ది మరీ పెట్టాడు.

మంత్రిగారు రబ్బరు బూట్లతో మోకాలి లోతుకు దిగి, ఒక మొక్కను జుట్టు పట్టి లేపినట్టు లేపారు.

"ఇంకోసారి సార్, కళ్లు మూశారు," అన్నాడు ఫోటోగ్రాఫరు.

మంత్రిగారు మొక్కను మళ్లీ నీళ్లలో పెట్టి, మళ్లీ పీకారు. అలా ఏడుసార్లు. ఒకే శత్రువును ఏడుసార్లు ఓడించిన వీరుణ్ణి చూసి జనం చప్పట్లు కొట్టారు. మేడమ్‌గారు పూల రంగు మెచ్చుకున్నారు. కార్లు వెళ్లిపోయాయి.

మొక్కల డాక్టరు ఏరి, గట్టు మీద పేర్చి, లెక్కపెట్టాడు. ముప్పైతొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాడు. ముప్పైతొమ్మిదే. ఛాతీ లోతుకు దిగి రెల్లు దుబ్బుల మధ్య చేతులతో తడమసాగాడు.

గట్టు మీద వ్యాను హారన్ కొట్టింది.

"ఏమయ్యా, పైకి రా! మొక్కలు వ్యానెక్కించు. పదకొండింటికి పక్క ఊరి చెరువు, మధ్యాహ్నం ఇంకోటి. శుభ్రమైన చెరువులు దొరకడమే గగనమైపోయింది," అన్నాడు ప్రత్యేకాధికారి.

"ఒకటి తగ్గిందండీ! అది దొరికేదాకా నేను రాను."

ప్రత్యేకాధికారి నీళ్ల వైపు కాసేపు చూశాడు. అతని ముఖం ప్రసన్నమైంది.

"ఉండనియ్యవయ్యా. వచ్చే ఏడాది ఇక్కడికి మోసుకురానక్కర్లేదు."