అయిదో మెట్టు మీద మా బావ

"బామ్మర్దీ, నేరస్థులకి ఇక నిద్రుండదు. నేను కేసు ఒప్పుకున్నాను," అని మా బావ గుమ్మంలోనే ప్రకటించాడు. మా అక్కను కట్టుకున్నవాడు కాబట్టి కుర్చీ వేశాను. లేకపోతే తలుపు వేసేవాణ్ణి.

బావ పరుపుల కొట్లో పనిచేస్తాడు. డిటెక్టివ్ అన్నది తనకు తానే తగిలించుకున్న బిరుదు. ఇంట్లో చెప్పులు కనబడకపోతే "అపహరణ!" అంటాడు. తీరా చూస్తే అవి ఆయన కాళ్ళకే ఉంటాయి. ప్రతి కేసుకూ ముందు వీలునామా రాయడం మరో జబ్బు. తాను వీరమరణం పొందితే భూతద్దం నాకు, మిగిలినదంతా మా అక్కకు. మిగిలినది ఏమిటో అక్కకు ఇంతవరకూ అంతుపట్టలేదు. ఈసారి సాక్షి సంతకం నన్నే పెట్టమన్నాడు. ఆస్తి రాయించుకున్నవాడు సాక్షిగా ఉండకూడదని చెబితే, చట్టం చదివినవాళ్ళకు సాహసం ఉండదని పెదవి విరిచాడు.

ఇంతకీ కేసేమిటో విన్నాక నాకు ఒళ్ళు మండింది. నేను వకీలును. బట్టలు కుట్టే ఒకావిడ నా క్లయింటు. అద్దెకున్న ఇంట్లో చెక్కమెట్లు దిగుతుంటే అయిదో మెట్టు ఊగి, పడి, కుడి మణికట్టు విరిగింది. మెట్టు నిక్షేపంలా ఉందని, ఆవిడే చూసుకోకుండా నడిచిందని ఇంటి ఓనరు వాదన. ఊగుతుందని అద్దెకున్న అందరికీ తెలుసు. ఎక్కడ ఖాళీ చేయమంటాడోనని ఎవరూ నోరు మెదపరు. పైగా ఓనరు ఇల్లు అమ్మేసి ఊరు మారిపోయే పనిలో ఉన్నాడు. ఆ లోపల తప్పంతా ఆవిడదేనని రుజువు చేయడానికి పెట్టుకున్న మేధావి మా బావ.

"బావగారూ, అవతలి వకీలు నేనే," అన్నాను.

"తెలుసు. బంధుత్వం కొద్దీ ముందే చెప్తున్నా. ఓడిపోతావు," అని భుజం తట్టాడు.

ఇల్లు కొనబోయే పళ్ళ డాక్టరు చూడటానికి వస్తున్నాడని తెలిసి, ఆ వేళకు నేనూ వెళ్ళాను. మా క్లయింటు పై అంతస్తు గుమ్మంలో కూర్చుని ఉంది. వెనక మిషను మీద కుట్టని బట్టలు గుట్టగా పడి ఉన్నాయి.

"చెయ్యి సరిగ్గా అతుక్కోకపోతే కత్తెర పట్టలేనండీ. ఇల్లు అమ్ముడైపోతే ఓనరుని ఎక్కడని పట్టుకోను?" అంది.

వకీలునని చెప్పుకోవడానికి నాకు చాలా సిగ్గేసింది.

అంతలో పెట్టుడు మీసంతో, నల్లకళ్ళద్దాలతో బావ ప్రత్యక్షమయ్యాడు. అంత వేషం వేసినా "నమస్కారం డిటెక్టివ్‌గారూ" అని దారిన పోయేవాళ్ళు పలకరిస్తూనే ఉన్నారు. పొద్దున్నే ఓనరుకు నివేదిక కూడా ఇచ్చేశాడట. "అయిదవ మెట్టును స్వయముగా పరీక్షించితిని. బండవలె ఉన్నది. దానిపై పడువారు తమ అజాగ్రత్త వల్లనే పడెదరు." ఆయన పరీక్ష అంటే ఆరో మెట్టు మీద కూర్చుని భూతద్దంలోంచి తొంగిచూడటం. కాలు మాత్రం పెట్టలేదు.

నన్ను మూలకు లాక్కెళ్ళి, భయంకరమైన రహస్యం బయటపడిందన్నాడు. ఈ ఇంట్లో అందరూ ఒకే చోట కాలెత్తి, ఒక మెట్టు దాటి నడుస్తున్నారట. పై వాటా పెద్దాయన, నీళ్ళ డబ్బాలు తెచ్చేవాడు, చివరికి ఓనరూ అంతేనట. అది రహస్య ముఠా సంకేతమట. నాయకురాలు నా క్లయింటట.

"ఆ మెట్టు ఊగుతోంది కాబట్టి దాటుతున్నారు బావగారూ," అన్నాను.

"సామాన్యుడి బుర్రకి అంతకంటే ఏం తోస్తుందిలే," అని జాలిపడ్డాడు.

కింద పళ్ళ డాక్టరుకు ఓనరు గోడల గట్టిదనం వర్ణిస్తున్నాడు. బావ ఆ ముఠా సంకేతం ప్రకారమే అయిదో మెట్టు దాటి పైకెక్కాడు. ముఠా నాయకురాలి మీద నిఘా వదలకూడదని భూతద్దం కంటికి ఆనించుకుని, ఆవిడ గుమ్మం వైపే చూస్తూ వెనక్కి దిగడం మొదలుపెట్టాడు. వద్దని నేను అరిచేలోపే అయిదో మెట్టు మీద కాలు పడింది. చెక్క తిరగబడింది. మిగతా మెట్లన్నిటినీ బావ వీపుతోనే పరీక్షించి, పళ్ళ డాక్టరు కాళ్ళ దగ్గర ఆగాడు. మీసం ఒకచోట, భూతద్దం ముక్కలు ఇంకోచోట పడ్డాయి.

ఓనరు ఒంటికాలి మీద లేచాడు. "కళ్ళు కనబడవా? ఏడాదినుంచి ఊడిపోతున్న మెట్టు మీద ఎవడైనా కాలేస్తాడా? అందరం దాటుకునే కదా పోతున్నాం!"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ మెట్టు దగ్గర రెండూ అయ్యాయి. అన్నమాట ఏమిటో ఓనరుకు ఆలస్యంగా తెలిసొచ్చి, మొహం పాలిపోయింది.

పళ్ళ డాక్టరు పై గుమ్మంలో ఉన్న మా క్లయింటు కట్టుకట్టిన చేతి వంక చూశాడు. "ఏడాదిగా ఊగుతున్నా అలాగే వదిలేశారా? ముందు ఈవిడ సంగతి తేల్చండి. ఇల్లు కొనే మాట ఆ తర్వాత," అన్నాడు. దాంతో పై వాటా పెద్దాయనకూ ధైర్యం వచ్చింది. బాగుచేయించమని చెప్పి చెప్పి తన నోరు నొప్పెట్టిందన్నాడు.

వైద్యం ఖర్చూ, చెయ్యి నయమయ్యేదాకా పోయిన సంపాదనా తానే భరిస్తానని ఓనరు ఆ సాయంత్రమే నా ఆఫీసులో రాసిచ్చాడు. మా క్లయింటు ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టి, "మీ బావగారికి బాగా తగిలిందా అండీ?" అని అడిగింది. ఆయన గురించి అడిగింది ఆవిడ ఒక్కతే.

తగలక ఏం? కాలు విరిగింది. తమ కొట్టు పరుపు మీదే కట్టుతో పడుకుని, అంతా పథకం ప్రకారమే జరిగిందన్నాడు బావ. ఇక తన కాలికి పరిహారం కోరుతూ ఓనరు మీద దావా వెయ్యమన్నాడు. ఓనరు నా ఆఫీసులో వదిలేసిపోయిన ఆయన నివేదిక తీసి, "దానిపై పడువారు తమ అజాగ్రత్త వల్లనే పడెదరు" అన్న వాక్యం చదివి వినిపించాను.

బావ కాగితం లాక్కుని తేరిపార చూశాడు.

"అది ఫోర్జరీ," అన్నాడు.

"సంతకం మీదే బావగారూ."

"అచ్చం నాలాగే పెట్టాడంటే, నాకు బాగా దగ్గరివాడే అయ్యుండాలి," అంటూ నన్ను అనుమానంగా చూశాడు.

మందుబిళ్ళ అందిస్తున్న అక్క నా వైపు తిరిగింది. "ఏరా, ఆ వీలునామాలో మిగిలినదంతా నాకే రాశారన్నావుగా. నాకొద్దని రాసిచ్చేస్తే చెల్లుతుందా?"