ఒంటి మీద బరువు

ఆదివారం పొద్దున పదింటికల్లా సంచి సర్దుకుని గైడు ముందు హాజరవ్వాలి, మధ్యాహ్నం బస్సులో మంచుకొండకు బయలుదేరాలి. సర్వే ఆఫీసు సూపరింటెండెంటు గారి పథకం ఇంతే. ఇరవై రెండేళ్లుగా కొండల పటాల మీద సంతకాలు పెడుతున్నారు గాని, ఆయన ఎక్కిన ఎత్తల్లా ఆఫీసు కుర్చీయే. కాగితం మీద కొండలు ఎవరైనా ఎక్కుతారని కొత్త ఇంజనీరు అన్న మాట గుచ్చుకుని, శిఖరం మీద ఫోటో దిగి వస్తానని అందరి ముందూ శపథం చేశారు. శుక్రవారం వీడ్కోలు సభ కూడా పెట్టించుకున్నారు.

గైడు పంపిన జాబితా భార్య చేతిలో ఉంది. ఒంటికి అంటి ఉన్ని లోచొక్కా, దాని మీద స్వెటరు, పైన వాన దిగని కోటు. నూలు బట్ట పనికిరాదు. సంచి పది కిలోలు దాటకూడదు. ఆమె అన్నీ మడతపెట్టి, తడవకుండా ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ముందు కావలసినవి పైన ఉండేలా సర్దింది. ఆయన పర్యవేక్షించారు. పర్యవేక్షణలో భాగంగా మరో నాలుగు స్వెటర్లు, రెండు ప్యాంట్లు, ఒక శాలువా చేర్చారు. తూస్తే పదిహేను కిలోలు.

తీసేయమంది భార్య. ఆయన బావమరిదికి ఫోను చేశారు. కొండను క్యాలెండరులో తప్ప చూడని ఆ బావమరిది, తూచేది సంచినే గాని మనిషిని కాదు కదా, మిగిలినవి ఒంటికి తగిలించుకోమని ఒక సలహా పారేశాడు. ఆ తెలివి తనకు తట్టనందుకు కాసేపు నొచ్చుకుని, ఆయన అలాగే చేశారు.

"నూలు బనీను వద్దని రాశారండీ," అంది భార్య.

బనీను లేకుండా తాను గడప దాటిన రోజు లేదన్నారాయన. సంచి సరిగ్గా పది కిలోలకు దిగింది. కోటు జిప్పు గడ్డం దాకా లాగేసరికి శాలువా కుచ్చు అందులో చిక్కి, జిప్పు అక్కడే బిగుసుకుపోయింది.

ఇక వంగే యోగం లేదు. బూట్ల తాళ్లు భార్యే కట్టింది. ఆర్నెల్లుగా లిఫ్టు చెడిన భవనం కావడంతో, నాలుగంతస్తులూ సంచి వీపున వేసుకుని ఆమే దిగింది. వెనకాల ఆయన చేతులు చాపుకుని దిష్టిబొమ్మలా దిగారు. బయట ఎండ ఫెళ్లుమంటోంది.

గైడు ఆఫీసు చేరేసరికి ఆయన మొహం కందగడ్డయింది. గైడు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరమున్న మనిషిని కొండెక్కించనని తేల్చి చెప్పింది. ఇది జ్వరం కాదు, స్వెటర్లని ఆయన వాదించారు. అయితే విప్పమంది. జిప్పు కదల్లేదు. భార్య ఒకవైపు, గైడు ఒకవైపు పట్టి లాగుతుంటే ముగ్గురూ గుండ్రంగా తిరిగారు. మూడో చుట్టులో ఆయన కళ్లు తిరిగి, సంచులు తూచే బల్ల మీదే కూలబడ్డారు. ముల్లు వంద దాటింది.

పక్క క్లినిక్కు డాక్టరు పరుగున వచ్చి, కోటును కత్తెరతో నిలువునా కోసి, పొర తర్వాత పొర ఉల్లిపాయలా ఒలిచాడు. చివర్న తడిసి ముద్దయిన బనీను తేలింది. నాడి చూసి వారం విశ్రాంతి రాశాడు.

ఈలోగా గైడు సంచి విప్పి చూసింది. జాబితాతో సరిచూస్తే ఒక్క వస్తువూ పక్కకు జరపాల్సిన పని పడలేదు.

"ఇది సర్దిందెవరు?"

"నేనే," అంది భార్య.

"మీకు మెట్లెక్కితే ఆయాసమొస్తుందా?"

"నాలుగంతస్తులమ్మా, రోజుకు మూడుసార్లు. ఇంకేం ఆయాసం."

"ఒక చోటు ఖాళీ అయింది. మీరొస్తారా?"

ఆమె భర్త వైపు చూసింది. ఆయన కాదనడానికి నోరు తెరిచారు. డాక్టరు అందులో థర్మామీటరు పెట్టాడు. అది తీసేలోపు ఆమె వస్తానని చెప్పేసింది. ఒలిచిన స్వెటర్లలో పొడిగా ఉన్నవి రెండు ఆమెకు సరిపోయాయి. బూట్లు, కోటు గైడు సర్దుబాటు చేసింది.

ఐదో రోజున శిఖరం మీంచి ఫోటో వచ్చింది. అందులో ఆమె ముక్కు ఎర్రబడి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ నవ్వు ఎప్పుడు చూశారో ఆయనకు గుర్తు రాలేదు. చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

ఆఫీసులో అడిగినవాళ్లకు మాత్రం, భార్యను డెప్యుటేషన్ మీద పంపించానని చెప్పారు.