అతుకు లేని ఆరు సెకన్లు

ఆ మంగళవారం ఉదయం బొమ్మలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండుకల్లా పోస్టరు ముగించాలి, మధ్యాహ్నం ప్రశాంతంగా భోంచేయాలి, అంతే. ఇరవై రెండేళ్లుగా ఒకే ఆఫీసులో బొమ్మలు గీస్తున్నాడు కనుక ఇంటా బయటా ఆయనకు బొమ్మలాయన అనే పేరు స్థిరపడిపోయింది.

ఈసారి గీయాల్సింది కదిలే పోస్టరు. విషయం నగర యువత జీవనశైలి. యువజన కేంద్రంవాళ్లు దాన్ని బస్టాపుల్లోని తెరల మీద వేస్తారట. ఆరు సెకన్లు ఆడి మళ్లీ మొదటికి రావాలి, ఎక్కడ ముగిసి ఎక్కడ మొదలైందో చూసేవాడికి తెలియకూడదు. బొమ్మలాయన పోస్టరులో టోపీ వెనక్కి తిప్పుకున్న కుర్రాడొకడు చక్రాల పలక మీద జారుతూ వచ్చి గిటారు వాయిస్తాడు. అతుకు దగ్గరికి వచ్చేసరికి ఎక్కిళ్లు వచ్చినట్టు ఎగిరిపడతాడు. కేంద్రంవాళ్లు వేసిన ఐదుగురు కుర్రకారు కమిటీ దాన్ని అప్పటికే రెండుసార్లు తిప్పికొట్టింది.

"శుక్రవారం మూడోసారి. అప్పుడూ కాదన్నారంటే మిమ్మల్ని క్యాలెండర్ల సెక్షనుకి మార్చక తప్పదు," అంది మేనేజరమ్మ. ఆ సెక్షను నేలమాళిగలో ఉంటుంది. అక్కడికి దిగినవాళ్లు మళ్లీ పైకి వచ్చిన దాఖలా లేదు.

"ఇంతకీ ఆ కమిటీలో ఎవరెవరున్నారు మేడమ్?"

"పేర్లు బయటపెట్టరట, సిఫారసులు వస్తాయని. అయినా మీరు కుర్రాళ్లని చూసి ఎన్నాళ్లయిందండీ? చూసి గీయండి."

చూడాలంటే వీధిన పడక్కర్లేదు, ఇంట్లోనే పందొమ్మిదేళ్ల కూతురుంది. అయితే పది రోజులుగా ఆ పిల్ల వాలకమే బాగాలేదు. తండ్రి గదిలోకి వస్తే ఫోను బోర్లిస్తుంది, బాల్కనీలో గుసగుసలాడుతుంది, పొడుగాటి సంచీ ఒకటి భుజాన వేసుకుని చెప్పకుండా వెళ్తుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన "ఆ వెధవ కమిటీ" అని తిట్టబోతే, పిల్లకు పొలమారి కంచం వదిలేసి లేచి వెళ్లిపోయింది. అనుమానం ముందు పుట్టి తర్వాత తాను పుట్టిన మనిషికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

బుధవారం ఆఫీసుకు బయలుదేరినట్టే బయలుదేరి కూతురి వెనకాల పడ్డాడు. పేపరుకు చిల్లు పెట్టి, ఆ చిల్లులో ఫోను కెమెరా పెట్టాడు. ఒకే దెబ్బకు రెండు పిట్టలు, పోస్టరుకు పోస్టరు, ఆరాకు ఆరా. టైర్ల కొట్టు వెనక ఉన్న పాత మేడ మెట్ల మీద కూతురు మరో నలుగురితో కూర్చుంది. వాళ్ల బూట్లు, సంచీలు, వంగిన వీపులు, అన్నీ తీశాడు.

సాయంత్రం కరెంటు బిల్లు ఫోటో కోసం ఆయన ఫోను తెరిచిన భార్యకు నలభై మూడు వీడియోలు కనిపించాయి.

"ఏమండీ, ఎవరి కాళ్లివి?"

కూతురి వెంట పడ్డానంటే ఇల్లు అంటుకుంటుంది. "ఆఫీసు పనే," అంటూ ఆయన నుదురు తుడుచుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. భార్య తిన్నగా వెళ్లి పుట్టింటికి ఫోను చేసింది. ఆమె తండ్రి ఎత్తి, అంతా విని, దగ్గి, ఫోను కొడుక్కి అందించాడు. ఆ కొడుకు, అంటే బొమ్మలాయన బావమరిది, ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగి. అనుమానించినందుకే అతనికి జీతమిస్తారు.

గురువారం ఉదయం బొమ్మలాయన స్తంభం చాటున నక్కి, కూతురు ఎక్కిపోయిన మెట్ల వైపు చూస్తున్నాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న బావమరిది వ్యాను చాటు నుంచి బావగారిని చూస్తున్నాడు. వ్యాను పక్కన వంగున్న ఈ శాల్తీ టైర్లెత్తుకుపోయే రకమని టైర్ల కొట్టు వాచ్‌మన్‌కు తోచి, అతను కర్ర పట్టుకుని టైర్ల గుట్ట వెనక మాటు వేశాడు. అరగంట సేపు ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు.

చివరికి వాచ్‌మన్ బావమరిది కాలరు పట్టుకున్నాడు.

"నన్ను కాదయ్యా, ఆయన్ని పట్టుకో! ఆ స్తంభం దగ్గర!"

"నేను దొంగను కాదండీ, మా అమ్మాయి కోసం..." అని బొమ్మలాయన మెట్ల వైపు చెయ్యి చూపించాడు. మెట్ల మీద ఎవరూ లేరు.

"నాన్నా," అని వెనక నుంచి వినిపించింది. వెనక గుమ్మంలోంచి చుట్టూ తిరిగి వచ్చిన కూతురు, టైర్ల గుట్ట అవతల నిలబడి ఫోనులో అంతా తీస్తోంది. పై కిటికీలో నాలుగు తలకాయలు నవ్వాపుకోలేక ఊగుతున్నాయి.

"నా వెనకాల పడ్డావా?"

"పోస్టరు కోసమమ్మా."

"అబద్ధం."

"అనుమానం కూడా వచ్చింది," అన్నాడు ఆయన నేల చూస్తూ.

"ఆ వెధవ కమిటీ మేమే నాన్నా. ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను. నీ బొమ్మ వచ్చినప్పుడల్లా ఓటెయ్యకుండా బయట కూర్చున్నా. ఈ సంచీలో ఉన్నది కెమెరా స్టాండు. మాలో ఒక్కరి దగ్గరా గిటారు లేదు కదా, మేం ఎలా ఉంటామో తీసి నీకు పంపిద్దామనుకున్నాం. ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరు దొంగల్ని చూసినట్టు చూస్తారు. ఇంట్లో నువ్వొక్కడివైనా అలా చూడవనుకున్నా."

బొమ్మలాయనకు తల కొట్టేసినట్టయింది. "తప్పైపోయిందమ్మా," అన్నాడు. పందొమ్మిదేళ్లలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. ఆ పిల్ల ఫోను ఆయన చేతిలో పెట్టింది. వీడియో చూస్తూ చూస్తూ ఆయన కళ్లు పెద్దవి చేశాడు.

"దీనికి అతుకే లేదే!"

నిజంగానే లేదు. కూతురు వాచ్‌మన్‌ను, వాచ్‌మన్ బావమరిదిని, బావమరిది బావను, ఆ బావ మళ్లీ కూతురిని తొంగి చూస్తున్నారు. సాయంత్రానికల్లా ఆ గుండ్రం తిరుగుడంతా గీసి, కింద ఒక వాక్యం రాశాడు: 'తొంగి చూడకండి, వచ్చి కూర్చోండి.'

శుక్రవారం నాలుగు ఓట్లతో పోస్టరు నెగ్గింది. ఐదో ఓటు బయట మెట్ల మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంది. ఆ వారమే ప్రతి బస్టాపులోనూ బొమ్మలాయన బట్టతల ఆరు సెకన్లకోసారి స్తంభం చాటు నుంచి పైకి లేచింది. తన పొట్ట అంత ఉండదని బావమరిది మాత్రం ఇప్పటికీ వాదిస్తున్నాడు.

మేనేజరమ్మ సంతోషించి తర్వాతి పోస్టరు కూడా ఆయనకే అప్పగించింది, విషయం వృద్ధుల దినచర్య. ఆ కబురు అందిన దగ్గర్నుంచి మామగారు తన గది కిటికీ తలుపులు తెరవడం లేదు.